జనంలోకి వెళ్ళాలంటే భయం: డాక్టర్ దగ్గరకి వెళ్ళాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి

పెళ్ళికి పిలుపొస్తే రెండ్రోజుల ముందు నుంచే కడుపులో తిప్పేసేవాళ్ళు, బంతిలో కూర్చుంటే చెయ్యి వణకడం పక్కవాళ్ళు చూస్తారేమో అని ఏదో ఒక వంక చెప్పి లేచొచ్చేసేవాళ్ళు, క్లాసులో తన రోల్ నంబర్ దగ్గర పడేకొద్దీ గుండె దడదడలాడిపోయి చివరికి "ప్రెజెంట్ సార్" అనే రెండు ముక్కలు కూడా బయటికి రానివాళ్ళు మన గోదావరి జిల్లాల్లో చాలామందే ఉన్నారండి. నేను కోనసీమలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్తాను కాబట్టి ఏటా ఇలాంటివాళ్ళని చూస్తూనే ఉంటాను, మా ఇంట్లోనే మా మేనల్లుడికి ఇదే ఉంది. వీళ్ళందర్నీ పీక్కుతినే ప్రశ్న ఒకటే: "ఇది నా స్వభావమా, లేక డాక్టర్‌కి చూపించుకోవాల్సిన విషయమా?" దీన్ని సోషల్ యాంగ్జయిటీ అంటారు. డాక్టర్ దగ్గరకి వెళ్ళాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలో నాకు తెలిసింది మొత్తం ఇక్కడ రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. భయం ఎంత వేస్తోంది అన్నదాన్ని బట్టి తేల్చుకోకండి. స్టేజీ ఎక్కేటప్పుడు అందరికీ కాళ్ళు వణుకుతాయి, పెళ్ళిచూపుల్లో ఎవరికైనా చెమటలు పడతాయి, కొత్త ఉద్యోగంలో మొదటి వారం ఎవరితో మాట్లాడాలన్నా మొహమాటంగానే ఉంటుంది. అది రోగం కాదు. చూసుకోవాల్సింది ఏంటంటే ఆ భయం వల్ల మీరు ఏమేం మానేశారు అని. భయపడుతూనే అన్ని పనులూ చేసుకుంటున్న మనిషికీ, పైకి ఏ భయమూ లేనట్టు ప్రశాంతంగా కనిపిస్తూ ఎక్కడికీ వెళ్ళకుండా గదిలోనే ఉండిపోయే మనిషికీ చాలా తేడా ఉంది. రెండో మనిషినే ఇంట్లోవాళ్ళు "మావాడు చాలా బుద్ధిమంతుడండి, ఎక్కడికీ వెళ్ళడు" అని మెచ్చుకుంటారు, అందుకే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలీదు.

మనది మరి మనుషులు ఎక్కువగా కలిసే ప్రాంతం కదండీ. బస్సులో పక్కన కూర్చున్నాయన కూడా "ఎవరబ్బాయివి, ఏ ఊరు, ఏం చదువుతున్నావు" అని అడిగేస్తాడు. భోజనాల్లో కొసరి కొసరి వడ్డిస్తారు, వద్దంటే ఇంకొంచెం వేస్తారు. అవన్నీ ప్రేమతో చేసేవే. కానీ ఈ ఇబ్బంది ఉన్నవాడికి పూతరేకు పట్టుకుని ఎదురుగా నిలబడి "తినండి తినండి, నేను చూస్తుండగానే తినాలి" అనే మనిషిని చూస్తే ప్రాణం పోయినంత పనవుద్ది. మా మేనల్లుడు ఒక పెళ్ళిలో మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు బల్లకి ఆన్చి, తల కిందకి దించి తాగడం నేను దగ్గర్నుంచి చూశాను. ఒక చేత్తో ఎత్తితే వణికి నీళ్ళు ఒలుకుతాయని వాడి భయం. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి రావడం మానేశాడు. ఆ పైన హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక సంక్రాంతికి ఊరు రావడం కూడా మానేశాడు, చుట్టాలందరూ ఉంటారని, జగ్గన్నతోట ప్రభల తీర్థం అంటే చిన్నప్పుడు ప్రాణం పెట్టేసే పిల్లాడు. డాక్టర్‌కి చెప్పాల్సింది చెయ్యి వణకడం గురించి మాత్రమే కాదు, ఇలా ఒక్కొక్కటీ మానేసుకుంటూ వచ్చిన సంగతి గురించి.

అందుకని మొదటి పని ఏంటంటే ఒక నోటు పుస్తకం తీసుకోండి, లేదా ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేయండి. గడిచిన 6 నెలల్లో మనుషుల మధ్యకి వెళ్ళాలన్న భయంతోనే ఏమేం వదిలేశారో రాయండి. డబ్బుల్లేకో, ఇష్టం లేకో మానేసినవి వద్దు. వెళ్ళాలని ఉండి, వెళ్తే బాగుండునని తెలిసి, "అందరూ నన్నే చూస్తారు, ఏదో తప్పు మాట్లాడేస్తాను, నవ్వుతారు" అని ఆగిపోయినవే రాయండి. బ్యాంకులో సంతకం మార్పించుకోవాలి కానీ కౌంటర్లో ఆవిడ ముందు సంతకం పెట్టాలంటే చెయ్యి రాదు. షాపులో చిల్లర తక్కువిచ్చినా అడగలేదు. క్యాంపస్ ఇంటర్వ్యూకి పేరిచ్చి ఆ రోజు జ్వరం అని పడుకున్నాను. ప్రాక్టికల్స్‌లో వైవా అంటే భయపడి ఆ పరీక్షకే వెళ్ళలేదు. ఫోన్ మోగితే ఎత్తను, కట్ అయ్యాక మెసేజ్ పెడతాను. చిన్నవీ పెద్దవీ అన్నీ రాసేయండి. 6 నెలలు అని ఎందుకన్నానంటే డాక్టర్లు కూడా మామూలుగా ఈ భయం 6 నెలలో అంతకంటే ఎక్కువో సాగుతోందా, దాని వల్ల చదువో ఉద్యోగమో మనుషులతో సంబంధాలో దెబ్బతింటున్నాయా అనే చూస్తారు. కాలేజీ మారి నెల రోజులే అయ్యి బెరుగ్గా ఉంటే అది వేరు, కొన్నాళ్ళు చూడొచ్చు.

రాశాక చదువుకోండి. చదువు, సంపాదన, స్నేహాలు, పెళ్ళి, ఆరోగ్యం, వీటిల్లో ఏ ఒక్కదానికైనా ఆ జాబితా అడ్డం పడుతోందంటే వెళ్ళండి. మరీ ముదిరాక వెళ్దాంలే అనుకోనక్కర్లేదు. తప్పించుకున్న ప్రతిసారీ ఆ పూటకి అప్పు తీరిపోయినట్టే ఉంటుంది గానీ వెనకాల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, ఈసారి పెళ్ళి, వచ్చేసారి పుట్టినరోజు, ఆ పైన పక్కింటివాళ్ళు.

ఇంకా ఎటూ తేలకపోతే డాక్టర్లు వాడే ఒక చిన్న ప్రశ్నాపత్రం ఉంది, దాన్ని మినీ స్పిన్ అంటారు, మూడే ప్రశ్నలు. పరువు పోద్దేమో అన్న భయంతో పనులు చెయ్యడమో మనుషులతో మాట్లాడడమో మానేస్తున్నానా అనేది ఒకటి. అందరి దృష్టీ నా మీద పడే పనులకి దూరంగా ఉంటున్నానా అనేది రెండోది. నలుగుర్లో సిగ్గుపడాల్సి రావడం, తెలివితక్కువవాడిలా కనిపించడం నా అతిపెద్ద భయాల్లో ఒకటా అనేది మూడోది. గడిచిన వారాన్ని తలుచుకుని ఒక్కోదానికి "అస్సలు లేదు" అంటే 0, "విపరీతంగా" అంటే 4, మధ్యలోవి 1, 2, 3 వేసుకోండి. మొత్తం 6 గానీ ఆ పైన గానీ వస్తే ఒకసారి చూపించుకోవడం మంచిది. ఇది రోగ నిర్ధారణ కాదండి, 7 వచ్చింది కాబట్టి నాకు జబ్బు అనుకోవద్దు, 5 వచ్చింది కాబట్టి ఏమీ లేదనీ అనుకోవద్దు. మార్కులు తక్కువొచ్చినా మీరు రాసిన జాబితా పొడుగ్గా ఉంటే జాబితా మాటే వినండి.

ఇక్కడ ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. మన దగ్గర గుండె దడ అనగానే ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరకెళ్ళి బీ కాంప్లెక్స్ ఇంజక్షనో సెలైనో పెట్టించుకోవడం, తగ్గకపోతే టౌన్‌లో ఈసీజీ, ఎకో తీయించుకోవడం, అన్నీ నార్మల్ అని వస్తే "ఏం లేదు, గ్యాసు" అని ఇంటికొచ్చేయడం మామూలే. పరీక్షలు చేయించుకోవడం తప్పు కాదు, థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు, చెమటలు వస్తాయి, రక్తం తక్కువున్నా దడ ఉంటుంది, కాఫీలు మరీ ఎక్కువ తాగినా చేతులు వణుకుతాయి. అందుకే థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, రక్తానికి హిమోగ్లోబిన్ లాంటి పరీక్షలు ఒకసారి చూపించుకుంటే అనుమానం తీరిపోద్ది. ఒంటరిగా గదిలో కూర్చుని టీ తాగేటప్పుడు కూడా చెయ్యి వణుకుతుంటే దాని కారణం వేరే ఉండొచ్చు, అది ఫిజీషియన్‌కి చెప్పాలి. ఒక్కడివే ఉన్నప్పుడు చెయ్యి నిలకడగా ఉండి నలుగురు చూస్తున్నప్పుడే వణుకుతుంటే మటుకు ఇప్పటిదాకా చెప్పుకున్న భయం వైపే చూడాలి. పరీక్షలన్నీ నార్మల్ వచ్చాయంటే "నీకేం లేదు" అని అర్థం కాదండి, వెతకాల్సిన చోటు అది కాదు అని మాత్రమే.

కొన్ని విషయాల్లో ఈ ఆలోచనలు, జాబితాలు ఏవీ అక్కర్లేదు, వెంటనే వెళ్ళాలి. చచ్చిపోతే బాగుండు అనిపిస్తున్నా, చేతులు కోసుకోవడం లాంటివి చేస్తున్నా ఆ రోజే ఎవరో ఒకరికి చెప్పండి. 14416 అని టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరుంది, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, ఫ్రీ, రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఫోన్లతో ఆగకుండా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళిపోండి. ఇంకోటి మందు. నలుగుర్లో మాట్లాడడానికి ధైర్యం కోసం ముందు రెండు పెగ్గులు వేసుకునే అలవాటు పడినవాళ్ళు ఎంతమందో, పెళ్ళిళ్ళలో, కోడిపందాల దగ్గర వీళ్ళే అందరికంటే సరదాగా కనిపిస్తారు. తాగితేనే మాట వస్తుందంటే ఇక ఆలస్యం చేయకూడదు, అప్పుడు రెండు సమస్యలకి వైద్యం చెయ్యాల్సొస్తుంది. చదువు ఆపేసినా, ఉద్యోగం మానేసినా, నిద్ర తిండి తగ్గిపోయి దేని మీదా ఆసక్తి లేకుండా పోయినా కూడా అంతే, దీంతో పాటు డిప్రెషన్ రావడం చాలా మామూలు.

పిల్లల గురించి అమ్మానాన్నలకి ఒక మాట. ఇది చాలామందికి పదమూడు పద్నాలుగేళ్ళ ఈడులోనే మొదలవుద్ది. చుట్టాలొస్తే తలుపు చాటుకి వెళ్ళే పిల్లలందరికీ జబ్బు ఉన్నట్టు కాదు, పెద్దవాళ్ళ దగ్గర సిగ్గుపడి తోటి పిల్లలతో గంతులేస్తుంటే పర్వాలేదు. తోటి పిల్లలతో కూడా కలవలేకపోతున్నా, బడికెళ్ళే టైముకి రోజూ కడుపునొప్పి అంటున్నా, ఆదివారం రాత్రి నుంచే ఏడుపు మొదలవుతున్నా చూపించండి. అందరి ముందూ నిలబెట్టి "పద్యం చెప్పు, సిగ్గెందుకు" అని గద్దిస్తే పోయేది కాదిది. తాయెత్తు కట్టించారా, దిష్టి తీయించారా, మీ నమ్మకం మీది, అవి చేస్తూనే డాక్టర్ దగ్గరకి కూడా తీసుకెళ్ళండి.

సరే, వెళ్దామని అనుకున్నారు. ఎవరి దగ్గరకి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎమ్‌డీ సైకియాట్రీ గానీ డీపీఎమ్ లాంటిది గానీ చేసిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో చేసే థెరపీ చేస్తారు, మందులు రాయరు, వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, అడిగి చూసుకోవచ్చు, అడిగితే తప్పేం కాదు. వారం రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళ దగ్గర డబ్బులు పోసుకోకండి. ప్రైవేటు వద్దనుకుంటే కాకినాడ జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, సైకియాట్రీ విభాగం ఉంది, రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి, పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి. అమలాపురం నుంచి యానాం మీదుగా బస్సులుంటాయి. మీకు దగ్గర్లో ఉన్న ఏరియా ఆసుపత్రిలో కూడా మానసిక వైద్యులు ఏయే రోజుల్లో వస్తారో కనుక్కోండి. ఇంత దూరం వెళ్ళేముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే పైన చెప్పిన 14416కే చేయొచ్చు, ప్రాణం మీదకొస్తేనే చేయాలని రూలేం లేదు.

"ఎవరైనా చూస్తే?" అన్నది చాలామందిని ఆపేసేది. చూస్తే పిచ్చి అంటారు, సంబంధాలు రావు అని. అమలాపురంలో చూపించుకుంటే ఊరంతా తెలుస్తుందనుకునేవాళ్ళు కాకినాడో రాజమండ్రో వెళ్తారు, భీమవరం వాళ్ళు ఏలూరో విజయవాడో వెళ్తారు, అలా వెళ్ళినా తప్పు లేదు, అసలు వెళ్ళకపోవడం కంటే వంద రెట్లు నయం. మొదటిసారే నేరుగా వెళ్ళలేకపోతే వీడియో కన్సల్టేషన్ కూడా ఉంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టర్ మీదా ఆసుపత్రి మీదా ఉంది, మీ ఆఫీసుకో కాలేజీకో ఊరికే చెప్పేయడానికి వాళ్ళకి హక్కు లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. మనుషులతో మాట్లాడడమే కష్టమైన మనిషి ముక్కూ మొహం తెలియని డాక్టర్ ముందు కూర్చుని తన లోపలి భయం చెప్పాలి. రిసెప్షన్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగాలి, అక్కడ అమ్మాయి "ఏం ప్రాబ్లం?" అని అందరి ముందూ గట్టిగా అడుగుద్ది. వెయిటింగ్ హాల్లో గంటసేపు కూర్చోవాలి. లోపలికి వెళ్ళాక మొత్తం మర్చిపోయి "నిద్ర సరిగ్గా పట్టట్లేదండి" అనేసి ఏదో బిళ్ళ రాయించుకుని వచ్చేస్తారు. ఇలా జరగడం చాలా చూశాను కాబట్టి ఈ భాగం గురించే ఎక్కువ చెప్తున్నాను. ఫోన్ చేయలేకపోతే వాట్సాప్‌లోనో ఆన్‌లైన్‌లోనో బుక్ చేయండి, లేదా ఇంట్లో ఒకరి చేత చేయించండి, అందులో నామోషీ ఏమీ లేదు. కౌంటర్లో "డాక్టర్ గారితోనే చెప్తానండి" అంటే సరిపోతుంది. ఓపీ మొదట్లోనో చివర్లోనో టైము దొరుకుతుందేమో అడగండి, జనం తక్కువుంటారు.

అన్నిటికంటే ముఖ్యం కాగితం. మా వాడు లోపలికెళ్ళేటప్పుడు ఆ జాబితాని తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డాక్టర్ గారు "చెప్పు బాబూ" అనగానే నోరు పెగల్లేదు, చెవులు ఎర్రబడిపోయాయి, నేను మాట్లాడబోతే ఆవిడ చేత్తో ఆగమన్నారు. వాడు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ చదివి, "వీటిల్లో అన్నిటికంటే ముందు మళ్ళీ చెయ్యాలనుకునేది ఏది?" అని అడిగారు. వాడు సంక్రాంతి అన్న ముక్క మీద వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి మాట్లాడడం వచ్చింది. అందుకే కాగితం మీద ఈ నాలుగు ఉండేలా చూసుకోండి: ఎప్పటి నుంచి ఉంది, ఏమేం మానేశాను, ఒంట్లో ఏమవుతుంది, ఏం మళ్ళీ చెయ్యాలనుంది. కింద మీరు వాడే మందులు, ఆస్తమా గానీ గుండె జబ్బు గానీ ఉంటే అది, మద్యం తాగుతుంటే ఎంత తాగుతారో నిజంగా, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బులున్నాయేమో, మీకెప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుగా ఉన్న సందర్భం ఉందేమో కూడా రాయండి, మందు ఏది రాయాలో తేల్చడానికి అవి కావాలి.

వెళ్ళగానే మందులే రాసేస్తారని కూడా భయపడకండి. ఈ ఇబ్బందికి మొదటి వరసలో ఉన్న వైద్యం సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే మాటలతో చేసే థెరపీ, సుమారు 12 నుంచి 16 సార్లు కూర్చుంటారు. "అందరూ నన్నే చూస్తున్నారు" అన్న ఆలోచనని పరీక్షించి చూడడం, గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం లాంటి చాటు జాగ్రత్తలు ఒక్కొక్కటిగా వదిలెయ్యడం, తేలికైన చోట మొదలుపెట్టి కష్టమైన చోటికి మెల్లగా వెళ్ళడం అందులో ఉంటాయి. మందులంటే సర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి ఎక్కువ రాస్తారు. తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, పూర్తిగా తెలియడానికి 12 వారాలు కూడా పట్టొచ్చు, మొదట్లో వికారం, తలనొప్పి, నిద్ర తేడా ఉండొచ్చు. చిన్న వయసు వాళ్ళలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి, వస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. బాగుందని మీ అంతట మీరు ఆపేయకూడదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. స్టేజీ మీద మాట్లాడే భయం ఒక్కటే ఉన్నవాళ్ళకి ప్రోప్రనొలాల్ అప్పటికప్పుడు వేసుకోమని రాస్తుంటారు, ఆస్తమా ఉన్నవాళ్ళు అది వాడకూడదు, స్నేహితుడిచ్చాడు కదా అని వేసుకోవద్దు. ఆల్‌ప్రాజోలామ్ లాంటి ఆందోళన తగ్గించే బిళ్ళలు మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకుని వాడడం మరీ ప్రమాదం, అలవాటు పడిపోతారు. "నాకు థెరపీతో సరిపోతుందా, మందు కావాలా, ఎన్నాళ్ళు, ఎప్పుడు మళ్ళీ రావాలి" ఈ ముక్కలు అడిగి రాసుకోండి.

ఇంట్లో చెప్పడం కొందరికి డాక్టర్‌కి చెప్పడం కంటే కష్టం. "నాకు మానసిక సమస్య ఉంది" అని మొదలుపెడితే అమ్మ కంగారు పడిపోద్ది, నాన్న "ఫోను పక్కన పెట్టు అన్నీ పోతాయి" అంటాడు. జరిగిన దానితో మొదలుపెట్టండి. "అమ్మా, మొన్న వైవాకి నేను వెళ్ళలేదు, జ్వరం కాదు, నలుగురి ముందు మాట్లాడాలంటే నోరు రావట్లేదు, చాన్నాళ్ళుగా ఉంది, ఒకసారి డాక్టర్‌కి చూపించుకుంటాను, నువ్వు తోడు వస్తావా" అంటే చాలు. ఇంట్లో కుదరకపోతే అక్కో, బావో, పిన్నో, మీ లెక్చరరో ఎవరో ఒకరు వింటారు. 18 దాటినవాళ్ళు ఒక్కరే కూడా వెళ్ళొచ్చు.

ఆలోచించాక "ఇప్పుడే వద్దు" అనిపించినా సరే, కానీ క్యాలెండర్లో రెండు నెలల తర్వాత ఒక తేదీకి గుర్తు పెట్టుకోండి. ఈలోపు జాబితాలో అన్నిటికంటే తేలికైనది ఒకటి ఎంచుకుని వారానికి రెండు మూడు సార్లు చేయండి, రైతు బజార్లో బేరమాడడమో, కండక్టర్‌ని స్టాపు ఎప్పుడొస్తుందని అడగడమో. భయం తగ్గేదాకా అక్కడే ఉండండి, సగంలో వచ్చేయకండి. ఆ తేదీకి జాబితా చిన్నదైతే మంచిదే, అలాగే ఉన్నా పెరిగినా ఇక వాయిదా వేయకుండా చూపించుకోండి.

మొదటి డాక్టర్ మీ మాట వినకుండా రెండు నిమిషాల్లో బిళ్ళలు రాసి పంపేస్తే, లేదా "ఈ వయసులో ఏంటిది, ధైర్యంగా ఉండాలి" అని పంపేస్తే, అదే కాగితం తీసుకుని ఇంకో డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. పాత చీటీలు, ఏ మందు ఎన్నాళ్ళు వాడారో పారేయకుండా అన్నీ ఒక కవర్లో పెట్టుకుని తీసుకెళ్ళండి, మళ్ళీ మొదటి నుంచి చెప్పే కష్టం సగం తప్పుతుంది.